ఇడ్లీ రేకుల్లో కారు

డిసెంబరు, రెండో శనివారం. పొద్దున మంచు, తర్వాత మంచి ఎండ. స్థలం: అల్వాల్‌లో మా ఇంటి గేటు లోపల, కారు నిలిపే చోటు.

హాజరైనవారు: నేను. నా భార్య (భోజనాల వరకు వంటింట్లో, ఆ తర్వాత మాతో). ఆమె తమ్ముడు, బడిపంతులుగా రిటైరై మారేడ్‌పల్లిలో ఉంటున్నాడు. పక్కింటి సుబేదారు, పటాలం వర్క్‌షాపులో బళ్ళు బాగుచేసి రిటైరైనవాడు. మా తెల్ల కారు.

ఆ రోజు డైరీ పేజీ ఇలా మొదలవుతుంది. ఏ పనికైనా ముందు హాజరు వేసుకోవడం నాకు ఉద్యోగంలో చేరిన నాటి అలవాటు. పేజీలో పట్టనివి ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఆ పని ఎందుకు పెట్టుకున్నామో చెప్పాలి. మా చర్చిలో కాళ్ళతో తొక్కుతూ వాయించే పాత ఆర్గన్ ఒకటి ఉంది. ఆదివారం తెల్లవారుజాము ఆరాధనకు దాన్ని నా భార్యే వాయిస్తుంది. పెళ్ళికి ముందు నుంచీ ఆమే. నేను ఆమెను మొదటిసారి చూసింది వీపు వైపు నుంచి. ఆర్గన్ ముందు కూర్చున్న మనిషిది వెనక బల్లల్లో కూర్చున్న సంఘానికి వీపే కనబడుతుంది మరి. ఈ మధ్య ఆమె వేళ్ళ కణుపులు పట్టేస్తున్నాయి. ఎండ ఎక్కాక బాగానే ఉంటాయి. చలికాలం పొద్దున్నే మాత్రం మూసిన పిడికిలి తెరవడానికి కూడా బతిమాలుకోవాలి. డాక్టరు మాత్రలిచ్చాడు. ఉన్ని తొడుగులు కొన్నాం. అవేవీ చేయని పని మా కారు హీటరు చేసేది. అల్వాల్ నుంచి సికింద్రాబాద్ చేరేలోపు ఎదురుగా వచ్చే వేడిగాలికి చేతులు చాపి కూర్చునేది. చర్చి గేటు దగ్గరికి వచ్చేసరికి వేళ్ళు ఒళ్ళో పాట వాయించేస్తూ ఉండేవి.

నవంబరు చివర్లో కారులో తియ్యటి వాసనొకటి మొదలైంది. ముందు అద్దం లోపలి వైపు జిగట పొర. ఒకరోజు ఆమె తెల్లచీర అంచు పచ్చగా తడిసింది.

"ఎవరు ఒలకబోశారండీ ఇక్కడ షర్బత్తు?" అంది.

షర్బత్తు కాదు, ఇంజన్ చల్లబరిచే కూలెంట్. డాష్‌బోర్డు వెనక చిన్న రేడియేటరు లాంటిది ఒకటి ఉంటుంది. ఇంజన్ నుంచి వేడినీళ్ళు దాని గొట్టాల్లో తిరుగుతాయి, ఫ్యాను దాని మీదుగా గాలి తోస్తుంది. మన దగ్గరికి వచ్చే వేడిగాలి అదే. దాన్ని హీటర్ కోర్ అంటారు. అది కారిపోతోంది.

వీధి చివరి మెకానిక్ బానెట్ ఎత్తి చూసి నవ్వాడు. "సార్, హైదరాబాద్‌ల హీటర్ ఎవలు వాడుతరు? ఈ రెండు పైపులు ఒకదానికొకటి కలిపేస్త, హీటర్‌కు నీళ్ళే పోవు. అర్ధగంట పని. ఏసీ గిట్ట ఉంటె చెప్పుండ్రి, మంచిగ జేస్త."

అందరూ చేసేది అదేనట. ఈ రకం కార్లలో హీటరు ఇంకా బతికున్నది మాదొక్కటేనేమో అన్నాడు. ఆ ఆదివారానికి హీటరుకు నీళ్ళు ఆపించి, వేడినీళ్ళ సంచీ ఆమె ఒళ్ళో పెట్టి తీసుకెళ్ళాను. అది సగం దారిలోనే చల్లారింది. రెండో పాటలో ఆమె వేళ్ళు తడబడ్డాయి. సంఘం ఒక చరణం ముందు, ఆర్గన్ ఒక చరణం వెనక. కొందరు తల తిప్పి చూశారు. ఇంటికి వచ్చేటప్పుడు ఆమె వేళ్ళు తొడుగుల్లో దాచుకుంది. గేటు దగ్గర దిగుతూ అంది.

"వచ్చే వారం కూడా ఇట్లాగే అయితే ఆర్గన్ తాళంచెవి చర్చి సెక్రటరీ గారికి ఇచ్చేస్తానండీ. కీబోర్డు వాయించే అమ్మాయి ఉందిగా. దానికి బటన్లు నొక్కితే చాలు."

అన్న మాట వెనక్కి తీసుకునే మనిషి కాదు. అందుకని నాకు వారం గడువు.

రాణిగంజ్‌లో పాత కార్ల సామాన్లమ్మే దుకాణాలన్నీ తిరిగాను. ఒక దుకాణదారు నన్ను ఎగాదిగా చూశాడు. "హీటరా పెద్దాయనా? సిమ్లా పోతున్నరా ఏంది?"

"చర్చికి."

అతను ఇంకేమీ అడగకుండా నిచ్చెన వేసుకుని అటక ఎక్కాడు. దుమ్ము పట్టిన డబ్బా ఒకటి దించి ఊదాడు. "నా పెండ్లి గాకముందు తెచ్చినం. అడిగినోడు లేడు. సీలు సుత తియ్యలే." ఎవరికీ అక్కర్లేకపోవడం వల్ల నాకు కొత్తది దొరికింది.

దాన్ని తీసుకుని వెళితే మెకానిక్ రెండు చేతులూ ఎత్తేశాడు. డాష్‌బోర్డు కింద భాగమంతా ఇప్పాలి, దినమంతా పని, డిసెంబర్‌లో తన వల్ల కాదన్నాడు. నేను డబ్బా పట్టుకుని ఇంటికి వస్తుంటే గోడ మీది నుంచి సుబేదారు చూశాడు.

"ఏందన్నా, మొఖం గట్ల పెట్టినవ్?"

చెప్పాను.

"గింత దానికి పరేషాన్ అయితవా? శనారం పొద్దుగాల షురూ జేద్దాం. గని నా చెయ్యి లావు, డాష్‌బోర్డు ఎనుకకు దూరది. సన్న చేతుల మనిషి ఒకడు కావాలె."

సన్న చేతుల మనిషి మా కుటుంబంలో ఒక్కడే. నా బావమరిది. కారు నడపడం కూడా రాదు. కానీ తెలుసుకోవాలనే కుతూహలం ఎక్కువ, అడిగినా అడగకపోయినా సాయం చేసే గుణం ఇంకా ఎక్కువ. ఈ రెండోది ముందు ముందు పనికొస్తుంది.

శనివారం పొద్దున బ్యాటరీ తీగ ఊడదీశాం. ఇంజన్ చల్లగా ఉండగానే కూలెంటును బకెట్టులోకి వదిలాం. ముందు సీటు ఎదురుగా ఉండే చిన్న అర ఖాళీ చేశాను. టార్చి, పాటల పుస్తకం, పిప్పరమెంట్లు, ఎర్ర రిబ్బను కట్టిన ఆర్గన్ తాళంచెవి. ఆమె దాన్ని ఎప్పుడూ అక్కడే పెడుతుంది.

నేను పనిచేసింది రైల్వే స్టోర్సులో. ఏ వస్తువు తీసినా దానికొక చోటు, దానికొక చీటీ ఉండాలి. డాష్‌బోర్డు స్క్రూలకు ఏ చోటు బాగుంటుందా అని ముందు రాత్రే ఆలోచించి పెట్టుకున్నాను. వంటింట్లోంచి ఇడ్లీ రేకులు తెచ్చాను. ఒక్కో గుంటలో ఒక్కో చోటి స్క్రూలు. గుంట అడుగున చిన్న చీటీ: 'అర, ఎడమ పక్క', 'అర, కుడి పక్క', 'గాలి తలుపు తీగ', ఇలా. తాళంచెవికి కూడా ఒక గుంట ఇచ్చాను.

సుబేదారు నడుం మీద చేతులు పెట్టుకుని చూశాడు. "ఇదేం తీరన్నా? మా పటాలంల అన్ని టోపీల ఏస్తుంటిమి."

"మీ బళ్ళకు స్క్రూలు మిగిలిపోయేవి కావా?"

"మిగిల్తె ఇంకో బండికి అక్కరకొస్తుండె."

అర ఊడింది. దాని కింది పలక ఊడింది. బావమరిది సీటు మీద వెల్లకిలా పడుకుని, తల డాష్‌బోర్డు కిందికి దూర్చి, కాళ్ళు తలుపు బయటికి చాపాడు. ఆ తర్వాత చాలాసేపు మాకు అతని చెప్పులూ గొంతూ తప్ప ఏమీ లేవు.

"బావగారూ, ఇక్కడొక తీగ వేలాడుతోందండీ. దేనిదంటారు?"

"అది ముట్టకు సారూ!" అని సుబేదారు అరిచాడు.

టప్పుమని చప్పుడైంది.

"ముట్టుకున్నాక చెబితే ఎట్లాగండీ?"

అది వేడిగాలిని ముఖం వైపుకో కాళ్ళ వైపుకో మళ్ళించే చిన్న తలుపుకు కట్టిన తీగ. ఎట్లాగూ తీయాల్సిందే, మళ్ళీ బిగిద్దాంలే అన్నాడు సుబేదారు. దాని స్క్రూ, దాని గుంట. నేను చీటీ సరిచూసుకున్నాను.

భోజనాల వేళకు పాత హీటర్ కోర్ బయటికి వచ్చింది. పాటల పుస్తకమంత కూడా లేదు. అతుకు దగ్గర పచ్చగా చిలుము పట్టి పొరలు పొరలుగా లేచిపోయింది. చూద్దువు గాని రమ్మని నా భార్యను పిలిచాను. చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చి చూసింది.

"ఇంతేనా?"

"ఇంతే."

"ఇంత లేదు, నా చీర పాడుచేసిందా!" అని దాన్ని వేలితో ఒక్కటి పొడిచి లోపలికి వెళ్ళిపోయింది.

సుబేదారు వాళ్ళింట్లో భోంచేసి వస్తానని వెళ్ళాడు. మేం పప్పుచారూ అప్పడాలతో తిన్నాం. తిన్నాక కుర్చీలో కాసేపు కన్ను మూయడం నాకు అలవాటు. ఆ అలవాటు ఆ ఒక్క రోజు మానుకోవాల్సింది.

లేచి చూస్తే వరండా పిట్టగోడ మీద ఇడ్లీ రేకులు ఎండలో తళతళ మెరుస్తున్నాయి. ఖాళీగా ఉన్నాయి. పక్కన స్టీలు గిన్నె. గిన్నె నిండా స్క్రూలు, అవీ మెరుస్తున్నాయి.

బావమరిది తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. "పడుకున్నారని లేపలేదు బావగారూ. సాయంత్రం మనందరికీ ఇడ్లీ వేస్తానని అక్క రేకులు అడిగింది. ఒక్కటి కూడా పోనివ్వలేదండీ, అన్నీ ఈ గిన్నెలో ఉన్నాయి. సబ్బుతో కడిగాను కూడా."

"చీటీలు?"

"తడిసిపోయినయ్యండీ. పారేశాను."

గుమ్మంలో నిలబడ్డ నా భార్య ఒకసారి నా ముఖం చూసింది, ఒకసారి గిన్నె చూసింది, విషయం అర్థమై కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆమె భుజాలు కదలడం నాకు కనబడుతూనే ఉంది. అప్పుడే సుబేదారు గేటు తీసుకుని వచ్చాడు. గిన్నెలోకి తొంగిచూసి మెట్టు మీద కూలబడి నవ్వడం మొదలుపెట్టాడు.

"సారూ! బండినంత కలిపి ఇడ్లీ పిండి జేసినవ్ గదా!"

"మంచిదే చేశాననుకున్నానండీ," అన్నాడు బావమరిది. పాపం, అతని ముఖం చిన్నబోయింది.

నాకు మాత్రం నవ్వు రాలేదు. కారు ఆ సాయంత్రానికి మళ్ళీ బిగించడం పూర్తికాకపోతే మర్నాడు ఆటోలో వెళ్ళాలి. డిసెంబరు తెల్లవారుజామున, పక్కలు తెరిచి ఉండే ఆటోలో. ఆ వేళ్ళు చర్చికి చేరేసరికి కట్టెలవుతాయి. అప్పుడు తాళంచెవి ఎవరి చేతికి వెళుతుందో నాకు తెలుసు.

ఆమెకూ తెలుసు. నవ్వడం ఆపి, చేట తెచ్చి ఎండలో చాప మీద కూర్చుంది. "ఇందులో పోయండి," అంది.

చేటలో స్క్రూలు పరిచి ఏరడం మొదలుపెట్టింది. పొడుగువి ఒక పక్క, పొట్టివి ఒక పక్క. మొన తేలినవి, మొన లేనివి. నల్లవి, తెల్లవి, వాషర్‌తో ఉన్నవి. బియ్యంలో రాళ్ళేరే మనిషికి ఇదొక పని కాదు. ఆ ఎండలో ఆమె వేళ్ళకు ఏ జబ్బూ లేదు. చిటికెలో కుప్పలు పడుతున్నాయి. చూస్తూ నిలబడ్డాను. పొద్దున్నే ఈ వేళ్ళకు మా మీద ఇంత కోపం ఎందుకో అనుకున్నాను.

"ఇదే గుంటలోదండీ?" అని ఒకటి పైకెత్తి చూపించింది.

ఆర్గన్ తాళంచెవి. ఎర్ర రిబ్బను తడిసి ముద్దయింది. సబ్బు పెట్టి తోమడంతో చెవి కొత్తదానిలా ఉంది.

"మంచి పని చేశావురా తమ్ముడూ," అంది ఆమె. "ఇచ్చేసేదైనా శుభ్రంగా ఇవ్వచ్చు."

దాన్ని కొంగుకు ముడేసుకుని మళ్ళీ స్క్రూల్లో పడింది.

కొత్త కోర్ లోపల కూర్చుంది. గొట్టాలకు పట్టీలు బిగించాం. ఇక ఒక్కో రంధ్రం చూసి సుబేదారు అడుగుతాడు, ఆమె చేటలోంచి అందిస్తుంది, బావమరిది బిగిస్తాడు, నేను టార్చి పట్టుకుంటాను.

"పొట్టిది, నల్లది ఇయ్యి వదినా. పొడుగుది పెడితె అవుతలికి పొడుస్తది."

"ఇదా?"

"దాని అన్న. జెర పెద్దది."

చివరికి అచ్చం ఒకేలా కనబడే స్క్రూలు ఓ గుప్పెడు మిగిలాయి. కొన్ని అరకు, కొన్ని గాలి తలుపు తీగకు. ఏవి దేనివో నేను తేల్చి చెప్పలేకపోయాను. సుబేదారు వాటిని అరచేతిలో ఆడించాడు. "ఇవన్ని అన్నదమ్ముల లెక్కున్నయ్. ఏది యాడ పెట్టినా కొట్లాడుకోవు." నాకు మనసొప్పలేదు. కానీ పొద్దు వాలుతోంది. పెట్టేశాం.

కూలెంట్ పోసి ఇంజన్ స్టార్ట్ చేశాను. ముల్లు పైకెక్కేదాకా ఆగి హీటరు పూర్తిగా తిప్పాను. బావమరిది కాళ్ళ దగ్గర చెయ్యి పెట్టాడు. గుమ్మంలో నా భార్య, వెనక వంటింట్లో ఇడ్లీ ఆవిరి.

"వస్తోందా?" అని అడిగింది.

"వస్తోందక్కా."

"వేడా?"

"గాలి."

సుబేదారు గెడ్డం గోక్కున్నాడు. "లోపట గాలి ఇరికింది. నీళ్ళు తిరుగుతలేవు. బండి ముక్కు పైకి లేపాలె."

కారు బయటికి తీసి, గేటు ముందున్న వాలు మీదికి ముందు చక్రాలు ఎక్కించి ఆపాను. ఇంజన్ చల్లారనిచ్చి రేడియేటరు మూత తీసి, మళ్ళీ స్టార్ట్ చేశాం. కాసేపటికి లోపల గుడగుడమంది. బుడగ లేచింది. మళ్ళీ ఇంకొకటి. నీళ్ళ మట్టం ఒక్కసారిగా దిగింది, ఇంకాస్త పోశాం. కాళ్ళ దగ్గర చెయ్యి పెట్టి కూర్చున్న బావమరిది ఉన్నట్టుండి బళ్ళో పిల్లాడిలా అరిచాడు.

"కాలుతోంది బావగారూ!"

సుబేదారు చెయ్యి పెట్టాడు. నేను పెట్టాను. అటు తలుపు వైపు నుంచి నా భార్య చెయ్యి కూడా వచ్చింది. డాష్‌బోర్డు కింద నలుగురి చేతులూ. కొత్తగా పుట్టిన బిడ్డను చూడటానికి వచ్చినవాళ్ళలా ఒకరినొకరు తోసుకున్నాం.

ఇడ్లీలు, పల్లీ చట్నీ. బావమరిది ప్రతి ఇడ్లీనీ తుంచి, లోపల చూసి తిన్నాడు.

"సారూ, నట్టు గిట్ట తగిల్తె పారెయ్యకు, నాకియ్యి," అన్నాడు సుబేదారు.

మర్నాడు పొద్దున గేటు తీసేసరికి ఎదురిల్లు కనబడనంత మంచు. గోడవతల మంకీ క్యాపులో సుబేదారు నిలబడి ఉన్నాడు. మాకోసం అంత పొద్దున్నే లేచాడన్నమాట. చెయ్యి ఊపాడు. ఆమె పక్క సీట్లో కూర్చుంది. తొడుగులు తీసేసి వేళ్ళు ఒకదాంతో ఒకటి రుద్దుకుంటోంది.

లోతుకుంట దాటాక ఇంజన్ వేడెక్కింది. హీటరు పెట్టి, గాలి ముఖం వైపుకు తిప్పాను. ఎదురుగా ఉన్న జాలీలోంచి ఏమీ రాలేదు. మీటను అటు తిప్పాను, ఇటు తిప్పాను. వేడంతా కాళ్ళ దగ్గరే పోస్తోంది. గాలి తలుపు తీగ. నిన్న సాయంత్రం నలుగురం కాళ్ళ దగ్గర చేతులు పెట్టి సంబరపడ్డామే గానీ పైన పెట్టి చూసినవాళ్ళు లేరు.

"తలుపు తెరుచుకోవట్లేదు," అన్నాను.

ఆమె ఒక్క క్షణం నన్ను చూసింది. తర్వాత సీటు ముందుకు జరుపుకుని, నడుం వంచి, చేతులు రెండూ పాదాల దగ్గరికి చాపి, నుదురు డాష్‌బోర్డుకు ఆనించింది.

"స్పీడ్‌బ్రేకర్ వస్తే ముందే చెప్పండి. తల కొట్టుకుంటుంది."

దారంతా "వస్తోంది", "ఇంకోటి వస్తోంది" అంటూ నడిపాను. సిగ్నల్ దగ్గర ఆగితే పక్క ఆటో అతను వంగి చూశాడు.

"ఏమైందన్నా, అమ్మకు తబియత్ మంచిగ లేదా?"

"ప్రార్థన చేసుకుంటోంది," అన్నాను.

కింది నుంచి గొంతు వచ్చింది. "చర్చికి వెళ్తూ అబద్ధమెందుకండీ? వేళ్ళు కాచుకుంటున్నానని చెప్పండి."

చెప్పాను. ఆటో అతను పచ్చ లైటు పడ్డాక కూడా మావైపు చూస్తూనే ఉన్నాడు.

చర్చిలో నేను ఎప్పుడూ కూర్చునే చోటే కూర్చున్నాను. ఆమె వీపు కనబడుతోంది. మొదటి పాట బాగానే నడిచింది. రెండో పాట మొదలవగానే నేను పుస్తకం వైపు చూడటం మానేశాను. పల్లవి వెళ్ళింది. చరణం వెళ్ళింది. సంఘమూ ఆర్గనూ ఒక్కచోటే ఉన్నాయి. పాదాలు కూడా కాగాయి కాబట్టి కాబోలు, తొక్కుడు గట్టిగా పడి ఆర్గన్ గాలి నిండుగా పోసుకుని ఎన్నడూ లేనంత బిగ్గరగా మోగింది. ముందు వరుసలోని ముసలాయన చెవిమిషను తగ్గించుకున్నాడు.

ఆరాధన అయ్యాక సెక్రటరీ గారు మెల్లగా వచ్చి నిలబడ్డారు. మంచి మనిషి. పోయిన వారం ఆయనా బాధపడ్డారు. "అమ్మగారూ, చేతులెలా ఉన్నాయి?"

"కింద పెట్టుకున్నంతసేపూ బాగున్నాయండీ," అంది ఆమె.

ఆయనకు అర్థం కాలేదు.

ఆమె ఆర్గన్ మూత వేసి తాళం వేసింది. "ఈ చలికాలమంతా నేనే వాయిస్తాను. మాన్పించే సంగతి ఎండాకాలంలో మాట్లాడండి. అప్పుడు నాకు హీటరు అక్కర్లేదు."

కారులో కూర్చున్నాక తాళంచెవిని ఎప్పటి అరలో పెట్టి మూసింది. ఆ అర స్క్రూలు కూడా వాటి రంధ్రాల్లో లేవన్న సంగతి మొదటి స్పీడ్‌బ్రేకర్ దగ్గర తెలిసింది. అర తెరుచుకుని తాళంచెవి ఆమె ఒళ్ళో పడింది. ఆమె దాన్ని మళ్ళీ లోపల పెట్టి మూసింది. తర్వాతి స్పీడ్‌బ్రేకర్‌కు మళ్ళీ పడింది. మళ్ళీ పెట్టింది. అల్వాల్ వచ్చేదాకా అట్లాగే వచ్చాం, నేను "వస్తోంది" అనడం, ఆమె ఒడి పట్టడం.